పాత కంచె స్తంభాలు పీకడం: మందస వైపు జీడితోటలో మేము చేసిన పని

కొత్త కంచె వేయడం గురించి ఎవరినడిగినా బోలెడు చెబుతారు. పాతది తీయడం దగ్గరికి వచ్చేసరికి "అదేముంది, పీకి అవతల పడేయడమే కదా" అంటారు. కానీ ఫెన్సింగ్ పనిలో కాళ్ళు నలిగేది, నడుములు పట్టేసేది, తీగ తగిలి మొహం గీరుకుపోయేది ఎక్కువగా ఆ పీకుడులోనే. అందుకే ఈమధ్య శ్రీకాకుళం జిల్లా మందస వైపు ఒక జీడితోటలో మా ముఠా చేసిన పనిని మొదట్నుంచి రాస్తున్నాను. ఇదే పని మీ పొలంలో చేయించుకుంటున్నా, మీరే దిగి చేస్తున్నా ఉపయోగపడుతుంది.

తోట అన్నదమ్ముల ఉమ్మడిది. పంపకాలయ్యాక మధ్యలో కొత్త కంచె పడాలి, తూర్పు వైపు పాతది లేచిపోవాలి, బాగున్న స్తంభాలు విరక్కుండా తీస్తే వాటినే కొత్త లైనులో పాతుకుంటామన్నారు. విరక్కుండా తీయాలన్న ఆ ఒక్క మాటతోనే పని ఎలా చెయ్యాలో సగం తేలిపోయింది. పాత కంచెలో రకరకాల సరుకు ఉంది. అన్నిటికంటే పాతవి టెక్కలి వైపు నుంచి తెచ్చిన రాతి స్తంభాలు, ఏడడుగుల పొడవు, ఆరంగుళాల మందం, రెండడుగులు భూమిలో. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడిచెట్లు కంచె మీద కూలాయి, అప్పుడు విరిగిన చోటల్లా సిమెంటు స్తంభాలు పెట్టారు. గేటు దగ్గర ఇనప యాంగిళ్ళు, కింద కాంక్రీటు దిమ్మలతో సహా. మధ్యమధ్యలో సరుగుడు కర్రలు, నేల మట్టానికి చెదలు తినేసి కింద మొండాలు మాత్రం మిగిలినవి. నేల కూడా ఒక్కలా లేదు, పైన గరువంతా ఎర్ర గ్రావెల్, కింద చెరువు వైపు పల్లంలో జిగురు బంకమట్టి.

గునపం పట్టుకునే ముందు చూడాల్సింది సర్వే రాళ్ళు. మన రాష్ట్రంలో 2020 డిసెంబర్లో రీసర్వే మొదలయ్యాక చాలా ఊళ్ళలో కొత్త హద్దు రాళ్ళు పాతారు, కొన్నిచోట్ల అవి కంచె లైనులోనే కలిసిపోయి ఉంటాయి, పాత రోజుల రాళ్ళయితే గడ్డిలో తల మాత్రం కనిపిస్తాయి. కంచె స్తంభం మన సొంతం, హద్దు రాయి మనది కాదు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది, ప్రభుత్వం పాతిన రాయిని పీకినా జరిపినా నేరమే. పైగా అన్నదమ్ముల పంపకం నడుస్తున్న తోటలో ఒక రాయి జానెడు జరిగిందంటే ఆ తగువు పిల్లల తరం దాకా పోతుంది. కాబట్టి సచివాలయం నుంచి గ్రామ సర్వేయరుని రప్పించి, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం) పట్టుకుని ఇద్దరు అన్నదమ్ములనీ వెంటబెట్టుకుని లైను పొడవునా నడిచాం. హద్దు రాళ్ళన్నిటికీ ఎర్ర గుడ్డ కట్టాం, ఫోన్లో ఫోటోలు తీశాం. ఎర్ర గుడ్డ ఉన్న రాయి చుట్టూ మూడడుగుల లోపల ఎవరూ తవ్వకూడదని ముఠాకి చెప్పాం. ఈ పనికి కూలి ఎవరూ లెక్కగట్టరు గానీ నా దృష్టిలో దీనికే ఎక్కువ ఇవ్వాలి.

తర్వాత కరెంటు. తోటలో బోరు ఉంటే మోటారు కేబుల్ ఎక్కడో ఒకచోట కంచె కింద నుంచి పోయే ఉంటుంది. ఇక్కడ స్టార్టర్ పెట్టె గేటు యాంగిల్ పక్కనే ఉంది, బోరు లోపల చెట్ల మధ్య ఉంది. రెంటి మధ్యా తిన్నగా పోయుంటుందిలే అనుకోవడం అందరూ చేసే పని, ఎవరూ చేయకూడని పని. అప్పట్లో కేబుల్ వేసిన మనిషి వేర్లు అడ్డొస్తే పక్కకి తిప్పేసి ఉంటాడు. మేము మెయిన్ ఆపాం, మేస్త్రి ఫ్యూజు క్యారియర్లు ఊడదీసి తన జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి తోటలోంచి బయటికి పోతే ఆ ఫ్యూజులు ఇంకొకరి చేతికి ఇవ్వడం కుదరదు, ఆ వైపు పని ఆగిపోతుంది, అంతే. ఇంకో విషయం, అడవి పందుల కోసం కంచెకి కరెంటు తగిలించే దుర్మార్గపు అలవాటు మన వైపు కూడా ఉంది. ఆసామి "మాకలాంటివేం లేవు బాబూ" అన్నా సరే, పక్క పొలం కంచె మన కంచెకి తగులుతోందేమో చూసి, తీగని టెస్టరుతో చూశాకే ముట్టుకోవాలి. సర్వీసు వైరు తీగ మీదకి జారి కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చేసి లైన్‌మ్యాన్ వచ్చేదాకా కూర్చోవడమే. తూర్పు కంచె పంచాయతీ రోడ్డు పక్కనే కాబట్టి కుళాయి పైపు, ఫైబర్ కేబుల్ ఎటు పోయాయో ఊళ్ళో పైపులు వేసినవాళ్ళని అడిగి సున్నం గీత గీసుకున్నాం. రోడ్డు పక్కన పెద్ద తవ్వకమైతే కేంద్రం 2023 మార్చిలో తెచ్చిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ ఉంది, దాంట్లో ముందే చెప్పుకోవచ్చు.

ఇక తీగ. స్తంభం కంటే తీగే ప్రమాదం అని నేను ముఠాలో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ చెబుతాను. ఈ తోటలో తుఫానుకి పడిన ఒక జీడిచెట్టు పడ్డచోటే చిగురేసి మళ్ళీ పెరిగింది, ముళ్ళ తీగ దాని బెరడులోకి దిగిపోయి రెండు వైపులా వీణ తీగలా బిగుసుకుని ఉంది. వేలు ఆనిస్తేనే ఆ బిగువు తెలుస్తోంది. అలాంటి తీగని మధ్యలో పట్టుకుని కత్తిరిస్తే రెండు ముక్కలూ రెండు వైపులకి ఎగిరి కొడతాయి, ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేం. మా పద్ధతి ఏమిటంటే, స్తంభాలకి కట్టిన బైండింగ్ వైరు ముందే విప్పం. అది ఉన్నంతసేపు తెగిన తీగ రెండు స్తంభాల మధ్య ఆ ఒక్క గడిలోనే ఎగురుతుంది, మొత్తం లైను విప్పేసి కోస్తే నాలుగు గడుల పొడవు తీగ ఒక్కసారి వచ్చి మీద పడుతుంది. టర్న్‌బకిల్ (తీగ బిగించే మర) ఉంటే ముందు దాన్ని వదులు చేస్తాం. కోసేది స్తంభానికి ఆనుకుని, పొడుగు చేతుల బోల్ట్ కట్టర్‌తో, మనిషికీ తీగకీ మధ్య స్తంభం అడ్డం ఉండేలా నిలబడి. కళ్ళద్దాలు, తోలు గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి, ఎండగా ఉందని ఎవరైనా అద్దాలు తీస్తే కట్టర్ వాళ్ళ చేతిలోంచి తీసుకుంటాం. బెరడులో ఇరుక్కున్న ముక్కని లాగొద్దు, చెట్టుకి అటూ ఇటూ కోసి లోపలిది చెట్టుకే వదిలేయాలి. తుప్పు తీగ గీరుకుంటే టీటీ ఎప్పుడు వేయించుకున్నారో అడగాలి, గుర్తులేదంటే ఆ రోజే పీహెచ్‌సీకి పంపించాలి.

తీగంతా చుట్టలు చుట్టి పక్కన పడేశాక అసలు వాదన మొదలైంది. మేము స్తంభాలు ఎత్తడానికి ముక్కాలి, అంటే మూడు కాళ్ళ స్టాండు, తెచ్చుకున్నాం. అన్నదమ్ముల్లో పెద్దాయన కొడుకేమో గొలుసు కట్టి లాగేద్దామని ట్రాక్టరు తెచ్చి పెట్టుకుని ఉన్నాడు.

"ఏటి మేస్త్రీ, సైనేసి లాగీమంటే సాయంత్రానికి అయిపోద్ది గదా. ముక్కాలి పట్టుకుని ఎన్నాళ్ళు కూకుంతారు?"

"లాగితే వస్తాది బాబూ, సగమే వస్తాది. మిగతా సగం భూమిలో ఉండిపోద్ది. అది ఎవులు తవ్వుతారు?"

మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. రాయి మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది గానీ అడ్డంగా వంచితే ఓర్చుకోలేదు. ట్రాక్టరు పక్కకి లాగినప్పుడు రెండడుగుల మేర నేల దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, పైభాగం ముందుకి వస్తుంది, సరిగ్గా నేల మట్టం దగ్గర పుటుక్కున విరుగుతుంది. కింద మిగిలిన మొండానికి తాడు కట్టడానికి పట్టు ఉండదు, అప్పుడు నిజంగానే పెద్ద గొయ్యి తవ్వాలి. అది డబ్బు నష్టం. ప్రాణం మీదకి వచ్చేవి వేరే ఉన్నాయి. గొలుసు తెగితే వెనక్కి వచ్చి డ్రైవరునే కొడుతుంది, నైలాన్ మోకయితే ఇంకా ఘోరం, అది సాగి సాగి బలం దాచుకుని ఒక్కసారి వదులుతుంది. కింద హుక్కు ఉండగా గొలుసుని యాక్సిల్‌కో, పైన టాప్‌లింక్ దగ్గరో కడతారు కొందరు. స్తంభం కదలకపోతే వెనక చక్రాలు అక్కడే పట్టుకుని ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, ట్రాక్టరు డ్రైవరు మీదకే వెనక్కి తిరగబడుతుంది. క్లచ్ తొక్కడానికి కూడా టైమ్ ఉండదు. ఆ కుర్రాడికి ఇదంతా కోప్పడకుండా చెప్పాం, విన్నాడు, ట్రాక్టరు స్తంభాలు మోయడానికి పనికొచ్చింది.

పక్కకి లాగొద్దు, నిటారుగా పైకి ఎత్తాలి. నేను ఈ పనిలో నమ్మేది ఇదొక్కటే, మిగతావన్నీ దీని చుట్టూ ఉండే జాగ్రత్తలు.

ఎత్తడానికి వాడింది బోరు మెకానిక్కులు మోటార్లు బయటికి తీసే ముక్కాలి, టన్ను చైన్ పుల్లీ. ఊళ్ళల్లో అద్దెకి దొరుకుతాయి. ఏడడుగుల రాతి స్తంభం లెక్కేస్తే సుమారు 130 కేజీలు ఉంటుంది, నాలుగంగుళాల సిమెంటుదైతే 50 కేజీల పైమాట. టన్ను పుల్లీ ఎందుకంటే బరువు కోసం కాదు, మట్టి పట్టు కోసం. గరువు మీద ముందు రోజు సాయంత్రం ప్రతి స్తంభం చుట్టూ గునపంతో నాలుగు వైపులా సన్నగా బొక్కలు పొడిచి నీళ్ళు పోయించాం. ఎర్ర గ్రావెల్ ఎండితే సిమెంటుతో సమానం, రాత్రంతా నానితే పొద్దున్నకి మెత్తబడుతుంది. పొద్దున చుట్టూ అడుగు లోతు మట్టి పారతో తీశాం, ఇంకా లోతుకి తవ్వాల్సిన పని చాలావాటికి రాలేదు.

స్తంభానికి నున్నటి గొలుసు చుడితే జారుతుంది, రాయి అంచులు కూడా లేచిపోతాయి. తడిపిన గోనె సంచి చుట్టి దాని మీద లిఫ్టింగ్ బెల్టుని రెండు చుట్లు వేసి ఉరి బిగించాం, తీగ కోసం కొట్టిన గాడికి కింద. ముక్కాలి మూడు కాళ్ళకీ అడుగున గొలుసు కట్టాలి, లేకపోతే బరువు పడగానే కాళ్ళు విచ్చుకుంటాయి. ప్రతి కాలు కింద చెక్క. పుల్లీ హుక్కు సరిగ్గా స్తంభం నెత్తి మీదకి రావాలి, కొద్దిగా పక్కకి ఉన్నా మళ్ళీ పక్కకి లాగినట్టే. గొలుసు లాగేది ఒక్కడే. ఒక్క మనిషి మామూలుగా లాగితే రాకపోతే ఇంకొకడు చెయ్యేయకూడదు, ఆపి ఇంకా మట్టి తీయాలి. పుల్లీ మీద రాసిన టన్ను అంటే ఒక మనిషి లాగుడుకి లెక్క, ఇద్దరు వేలాడితే ఎంత పడుతోందో ఎవరికీ తెలియదు.

రాయి వస్తోందని దేన్ని బట్టి తెలుస్తుందంటే, పైకి చూడకూడదు, మొదట్లోకి చూడాలి. బెల్టు బిగిశాక కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత రాయి పక్కన ఎండిన ఎర్రమట్టి నలకలు రెండు మూడు దొర్లుతాయి. ఆ వెంటనే చుట్టూ వెంట్రుకంత బీట, గుండ్రంగా. అది కనిపిస్తే గొలుసు ఆపి, మళ్ళీ కొద్దిగా నీళ్ళు ఆ బీటలోకి పోసి, రాయి మొదట్లో సమ్మెటతో కాదు, చెక్క దిమ్మ అడ్డం పెట్టి మెల్లగా అటూ ఇటూ తడితే అంగుళం అంగుళం వచ్చేస్తుంది. ఇక్కడే కుర్రాళ్ళు ఉత్సాహంతో రాయిని చేత్తో పట్టుకోబోతారు. కింది కొస నేలలోంచి బయటపడగానే రాయి ఊగుతుంది, 130 కేజీలు మోకాలికి తగిలితే ఆ కాలు మళ్ళీ మామూలు కాదు. అందుకని ముందే పైకొసకి ఒక తాడు, కింది కొసకి ఒక తాడు కట్టి దూరం నుంచి పట్టుకోవాలి. దించేటప్పుడు పాత టైర్ల మీదకి, అడుగు భాగం ముందు ఆనేలా.

పల్లంలో కథ వేరు. అక్కడ మూల రాయి మమ్మల్ని పూట పైగా కూర్చోబెట్టింది. బంకమట్టిలో నీళ్ళు పోస్తే మేలు జరగదు, ఇంకా పట్టేస్తుంది. ఎందుకంటే రాయి పైకి లేస్తున్నకొద్దీ దాని అడుగున ఖాళీ ఏర్పడుతుంది, తడి బంకమట్టి చుట్టూ మూసుకుపోయి గాలి పోనివ్వదు, ఆ ఖాళీ రాయిని తిరిగి కిందకి పీలుస్తుంది. గొలుసు బిగుసుకుంటోంది, రాయి కదలదు, ముక్కాలి కాళ్ళు మాత్రం మట్టిలోకి దిగుతున్నాయి. అక్కడితో ఆపేశాం. పుల్లీ పూర్తిగా వదులు చేసి, కాళ్ళ కింద చిన్న చెక్కలు తీసి వెడల్పాటి పలకలు వేశాం. రాయి పక్కనే ఆనించి సన్న గునపం రాయి కింది కొస దాకా దించి, తిప్పి తిప్పి బయటికి తీశాం. ఇలా రెండు వైపులా చేశాక గాలికి దారి దొరికింది. మళ్ళీ పుల్లీ బిగిస్తే లోపల్నుంచి చప్పున ఒక శబ్దం, బురద బుడగలు, రాయి జానెడు లేచింది. బలం పెంచితే రానిది గాలి పోనిస్తే వచ్చింది. పల్లం పొలాల్లో స్తంభాలు తీసేవాళ్ళు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలా మోకులు తెగకుండా మిగులుతాయి.

గేటు యాంగిళ్ళకి కాంక్రీటు దిమ్మలు ఉన్నాయి, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు దిమ్మ ఒక్కటే 80 నుంచి 100 కేజీల దాకా ఉంటుంది. స్టార్టర్ వైపు యాంగిల్ చుట్టూ గునపం వాడనివ్వలేదు, పారతో పొరలు పొరలుగా గీకుతూ పోయాం. కేబుల్ దొరికింది, అనుకున్న చోట కాదు, దిమ్మని ఆనుకుని మలుపు తిరిగి ఉంది, పైపు కూడా లేదు, మట్టిలోనే. దాన్ని మెల్లగా విడదీసి పక్కకి కట్టి, ఆ తర్వాతే దిమ్మ చుట్టూ వెడల్పు చేశాం. యాంగిల్‌కి అడ్డంగా బోల్టు వేసి రెండు లారీ జాకీలు అటూ ఇటూ పెట్టి సమంగా ఎత్తితే దిమ్మతో సహా వచ్చింది. ఒక్క జాకీతో ఎత్తితే యాంగిల్ వంకర పోయి జాకీ తన్నేస్తుంది. జేసీబీ పెడితే అయిపోదా అంటే, చెట్లు లేని ఖాళీ జాగాలో నేనూ పెట్టిస్తాను, ఇక్కడ కేబులూ జీడి వేర్లూ రెండూ పోయేవి. జేసీబీ పెట్టినా బకెట్ పళ్ళకి తాడు తగిలించి ఎత్తనివ్వకండి, జారుతుంది.

సరుగుడు మొండాలు చూడ్డానికి తేలిక. చెదలు తిన్న కర్ర పక్కన ఉండే బొరియలోకి చెయ్యి పెట్టడమే ప్రమాదం. జీడాకు కింద తేళ్ళు, రక్తపింజర్లు ఉండే చోటు. ముందు పొడుగు కర్రతో ఆకంతా దూరంగా లాగి, నేల మీద కొట్టి కాసేపు ఆగి, బూట్లు వేసుకున్నవాళ్ళే దగ్గరికి పోయారు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు, ఆ కాలు కదపకుండా 108లో ఆసుపత్రికి తీసుకుపోవాలి. తారు పూసిన పాత కర్రలు పొయ్యిలోకి తీసుకుపోతామన్నారు తోటపని చేసే ఆడవాళ్ళు. వద్దన్నాం, ఆ పొగ మంచిది కాదు, అందులో వంట అసలే వద్దు.

మోసే విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళు గుల్ల చేసిందో అందరికీ తెలుసు. బరువులు మోసి నడుము పట్టేస్తే మన కూలీలు చేసేది ఒకటే, సాయంత్రం షాపులో నొప్పి బిళ్ళ కొనుక్కుని వేసుకోవడం. అది వరసగా వాడితే కిడ్నీలకి ముప్పని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. కాబట్టి రాయిని చేతులతో లేపించకుండా ముక్కాలి వాడడం అనేది ఒక్క ప్రమాదం తప్పించుకోవడానికే కాదు, ఆ బిళ్ళ అవసరం రాకుండా చూడడానికి కూడా. తీసిన రాళ్ళని ట్రాక్టరు దాకా దండె కర్రకి మోకు కట్టి నలుగురు మోశారు, ఇద్దరితో మోయించలేదు. ఎండ ముదిరేలోపు బరువు పని ఆపేశాం, నీళ్ళ క్యాన్లు చెట్టు కింద కాదు, పని జరిగే చోటే పెట్టాం. దూరంగా ఉంటే మనిషి తాగడు.

గోతులు ఏ రోజువి ఆ రోజే పూడ్చాం. ఆవులు తిరిగే తోట, పిల్లలు జీడిపళ్ళకి వచ్చే తోట, రాత్రికి ఒక్క గొయ్యి కూడా తెరిచి ఉంచకూడదు. అర అడుగు మట్టి పోసి దిమ్మిసతో కొట్టి మళ్ళీ పోయాలి, ఒకేసారి నింపితే మొదటి వానకే కుంగుతుంది. తెగిన తీగ ముక్కల కోసం పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతాన్ని కర్రకి కట్టి లైను పొడవునా గడ్డిలో తిప్పాం. ఎంత ఏరినా ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఆవు గడ్డితో పాటు తీగ ముక్క మింగితే అది కడుపు గోడని పొడుచుకుని గుండె దాకా పోగలదు. పశువుల డాక్టర్లకి ఇది బాగా తెలిసిన జబ్బే, రైతుకి మాత్రం ఆవు ఎందుకు మేత మానేసిందో అర్థం కాదు.

తీసిన రాళ్ళని వరసగా పడుకోబెట్టి చిన్న సుత్తితో కొట్టి చూశాం. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల బీట ఉన్నట్టు. చాలావరకు ఖంగుమన్నాయి. సిమెంటువాటిలో తుప్పు మరకతో నిలువు పగులు ఉన్నవి పక్కన పెట్టేశాం, లోపల ఊచ ఉబ్బి సిమెంటుని చీలుస్తున్నవి మళ్ళీ పాతినా ఎక్కువ కాలం ఆగవు. మంచి రాళ్ళన్నీ కొత్త లైనులోకి పోయాయి. మూలలకీ గేటుకీ తప్ప మధ్య రాళ్ళకి కాంక్రీటు వేయలేదు, రెండడుగుల గొయ్యిలో రాళ్ళూ ఎర్రమట్టీ కలిపి దిమ్మిస కొట్టాం, మళ్ళీ ఎప్పుడైనా తీయాల్సివస్తే ముక్కాలితో తేలిగ్గా లేస్తాయి. మోటారు కేబుల్‌ని మాత్రం పైపులో వేయించి, అది మలుపు తిరిగిన చోట ఒక సిమెంటు ముక్క పాతి దాని మీద రంగుతో బాణం గుర్తు వేయించాం.